ప్లగ్గు లేని చోట బండి బ్యాటరీ దిగిపోకుండా ఉండాలంటే

ప్రశ్న: మా బండి పెట్టే షెడ్డుకు కరెంటు లైను లేదు. రెండు మూడు వారాలకోసారే బండి బయటికి తీస్తాను. 12 వోల్టుల, 9 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) సీల్డ్ బ్యాటరీ. దొంగల భయంతో జీపీఎస్ ట్రాకర్ పెట్టించాను. రెండు వారాలు దాటిందంటే సెల్ఫ్ కొట్టదు, టిక్ టిక్ మంటుంది. ఇప్పటికే ఒక బ్యాటరీ మార్చాను. రెండోదీ అదే దారి పట్టేలా ఉంది. వారానికోసారి పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఉంచమని ఒకరు, షెడ్డు మీద చిన్న సోలార్ ప్యానెల్ పెట్టి నేరుగా బ్యాటరీకి కలిపేయమని ఇంకొకరు చెబుతున్నారు. కారు బ్యాటరీ నుంచి గానీ, పవర్ బ్యాంకు నుంచి గానీ చార్జింగ్ ఎక్కించవచ్చా? ఏది చేయాలి, ఎంత సైజుది కొనాలి?

సమాధానం: మీకు కావలసింది 10 వాట్ల సోలార్ ప్యానెల్, దానికి తగ్గ చిన్న చార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే చార్జింగును అదుపు చేసే పెట్టె), ఒక ఫ్యూజు. ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలపకండి. పది నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపేసే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. అయితే ఇవేవీ కొనకముందు ఒక పని చేయాలి. బండి నిలిచి ఉన్నప్పుడు బ్యాటరీలోంచి రోజుకు ఎంత పోతోందో లెక్క తేల్చుకోవాలి. కుండకు చిల్లి ఎంతుందో తెలియకుండా ఎన్ని నీళ్లు పోయాలో ఎవరూ చెప్పలేరు. చాలామంది ఈ లెక్క చూడకుండానే ప్యానెల్ కొంటారు, నెల తిరిగేసరికి సోలార్ పనిచేయదని తీర్మానిస్తారు.

లెక్క తేల్చడానికి మామూలు మల్టీమీటర్ చాలు. తాళం ఆఫ్ చేసి తీసేయండి. బ్యాటరీ మైనస్ టెర్మినల్ వైరు విప్పండి. మీటర్‌ను 10 ఆంపియర్ల డీసీ రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబు వైరును మీటర్ మీద ఆ రేంజికి ఉన్న రంధ్రంలోకి మార్చి, ఒక ప్రోబును విప్పిన వైరుకు, రెండోదాన్ని బ్యాటరీ మైనస్‌కు తాకించండి. మొదట కాసేపు అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ట్రాకర్, ఈసీయూ (ఇంజిన్‌ను అదుపు చేసే చిన్న కంప్యూటర్) ఒకసారి మేలుకుని మళ్లీ నిద్రలోకి జారుకోవడానికి ఐదు నుంచి పది నిమిషాలు పట్టవచ్చు. అంకె నిలకడగా, 0.2 ఆంపియర్ల కన్నా తక్కువగా ఉంటే అప్పుడు మిల్లీ ఆంపియర్ల రేంజికి, ఎర్ర ప్రోబు వైరును దానికి ఉన్న రంధ్రానికి మార్చి చదవండి. రేంజి మార్చేటప్పుడు సర్క్యూటు తెగితే ట్రాకర్ మళ్లీ మేలుకుంటుంది. అందుకని ఆ కాసేపు విప్పిన వైరునూ టెర్మినల్‌నూ చిన్న వైరు ముక్కతో కలిపి ఉంచండి. మీటర్ మధ్యలో ఉండగా తాళం తిప్పినా, సెల్ఫ్ నొక్కినా మీటర్‌లోని ఫ్యూజు పోతుంది. పని పూర్తయ్యాక ఎర్ర ప్రోబు వైరును మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరచిపోకండి. ఆంపియర్ల రంధ్రంలో ఉంచి బ్యాటరీ వోల్టేజి చూడబోతే అది నేరుగా షార్టు చేసినట్టే.

గడియారం, ఈసీయూ మాత్రమే ఉన్న బండి సాధారణంగా 1 నుంచి 3 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ట్రాకర్ కలిస్తే 10 నుంచి 30 దాకా పోవచ్చు. మీ మీటర్ 15 చూపిందనుకుందాం. 15 మిల్లీ ఆంపియర్లను 24 గంటలతో హెచ్చిస్తే రోజుకు 360 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే 0.36 ఏహెచ్. రెండు వారాలకు 5 ఏహెచ్. మీ బ్యాటరీ కొత్తదై, నిండుగా ఉన్నా అందులో ఉండేది 9. సగానికి పైగా పోయిన బ్యాటరీ మీటకు టిక్ టిక్ మనడంలో వింతేమీ లేదు. ఆ శబ్దం స్టార్టర్ రిలేది. రిలేను లాగే బలం బ్యాటరీకి ఉంది, స్టార్టర్ మోటారును తిప్పే బలం లేదు. మోటారుకు కరెంటు వెళ్లగానే వోల్టేజి పడిపోయి రిలే వదిలేస్తుంది, వోల్టేజి లేవగానే మళ్లీ పట్టుకుంటుంది.

మీటర్ 50 మిల్లీ ఆంపియర్లు దాటితే మాత్రం ఎక్కడో తప్పుంది. మొబైల్ చార్జింగ్ సాకెట్టు లాంటివి తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపి ఉండొచ్చు. ఇంజిన్ పుట్టించే కరెంటును డీసీగా మార్చి, వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ రెక్టిఫయర్ యూనిట్ లోపల డయోడు (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) లీకవుతూ ఉండొచ్చు. మీటర్ చూస్తూ ఒక్కో ఫ్యూజు పీకండి. ఏ ఫ్యూజు తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. ఏదీ పడకపోతే రెగ్యులేటర్ కనెక్టర్ పీకి చూడండి.

ఇక బ్యాటరీ ఎందుకు చస్తుందో ఒక మాట. లెడ్ యాసిడ్ బ్యాటరీ డిశ్చార్జి అయినప్పుడు లోపలి ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జ్ ఎక్కిస్తే అది కరిగి మళ్లీ మామూలు పదార్థంగా మారుతుంది. అలాగే వారాల తరబడి వదిలేస్తే ఆ పొర గట్టి స్ఫటికాలుగా మారి, ఎంత చార్జ్ చేసినా పూర్తిగా కరగదు. ప్లేటులో అంత భాగం శాశ్వతంగా పోయినట్టే. అందువల్ల బ్యాటరీని చంపేది ఒక్కసారి దిగిపోవడం కాదు, దిగిపోయిన స్థితిలో నిలిచి ఉండడం. మీ రెండో బ్యాటరీ ప్రతి నెలా ఈ బాధ పడుతోంది.

ఆరు గంటలైనా కదపకుండా ఉంచిన బ్యాటరీని ఏ లోడూ లేకుండా కొలిస్తే సీల్డ్ ఏజీఎం రకం (యాసిడ్‌ను గాజు పీచు పొరల్లో పీల్చి ఉంచేది) నిండుగా ఉంటే 12.8 వోల్టులు, అటూ ఇటూగా చూపుతుంది. పైనుంచి నీళ్లు పోసే పాత రకం 12.6 నుంచి 12.7. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు వంతుకు వచ్చినట్టు. బండి దిగిన వెంటనే కొలవకండి. చార్జింగ్ ఆగిన తర్వాత కొన్ని గంటలు పైపై వోల్టేజి ఎక్కువ చూపి మోసం చేస్తుంది. 12.4 కన్నా కిందికి రానివ్వకుండా చూసుకోవడమే మన లక్ష్యం.

ట్రాకర్ లేని బండి అయితే మీకు సోలార్ అక్కరలేదనే చెప్పేవాళ్లం. మైనస్ వైరు విప్పి పక్కకు మడిచి, టేపు చుట్టేస్తే చాలు. విడిగా ఉన్న ఏజీఎం బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర తనంతట తాను నెలకు 3 శాతం, అంతకు కాస్త అటూ ఇటూగా కోల్పోతుంది. ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆ వేగం దాదాపు రెట్టింపవుతుంది. చల్లటి చోట మూడు నెలలకోసారి, ఎండకు కాగే రేకుల షెడ్డులో నెలన్నరకోసారి బ్యాటరీని విప్పి, కరెంటున్న చోటికి తీసుకెళ్లి చార్జ్ చేసుకు వస్తే దానికన్నా సులువైన, చవకైన పద్ధతి మరొకటి లేదు. దానికి చార్జర్ మోటార్‌సైకిల్ బ్యాటరీకి సరిపడేదై ఉండాలి. ఏహెచ్‌లో పదో వంతు కరెంటు, అంటే మీ 9 ఏహెచ్‌కు 0.9 ఆంపియరు. కారు బ్యాటరీకి వాడే 6, 10 ఆంపియర్ల చార్జర్ వద్దు.

విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, తర్వాత మైనస్. బండి బాడీ అంతా మైనస్‌కు కలిసి ఉంటుంది. మైనస్ బిగించి ఉండగా ప్లస్ విప్పబోతే స్పానర్ ఛాసిస్‌కు తగిలి షార్టు అవుతుంది. ఆ నిప్పురవ్వ చాలు చేతులు కాలడానికి. బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే దిగిపోతుందన్న మాట పాతకాలపు రబ్బరు, కర్ర పెట్టెల బ్యాటరీలకు చెందింది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెకు ఆ బెడద లేదు.

మీకు ట్రాకర్ ముఖ్యం కాబట్టి వైరు విప్పడం కుదరదు. అయినా ట్రాకర్ సెట్టింగుల్లో స్లీప్ మోడ్ ఉందేమో చూడండి. బండి కదలనప్పుడు నిమిషానికోసారి కాకుండా గంటకోసారి లొకేషన్ పంపేలా మార్చగలిగితే లాగే కరెంటు బాగా తగ్గుతుంది. ప్యానెల్ మీద పెట్టే డబ్బు కన్నా ఈ ఒక్క మార్పు ఎక్కువ మేలు చేయవచ్చు. మార్చాక మళ్లీ కొలవండి.

పది నిమిషాల ఇంజిన్ సంగతి. సెల్ఫ్ కొట్టినప్పుడు పోయేది నిజానికి కొంచెమే. 80 ఆంపియర్లు రెండు సెకన్లు లాగినా 0.05 ఏహెచ్ కూడా కాదు. సమస్య అది కాదు. ఐడిల్‌లో స్టేటర్ కాయిల్ (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే చుట్ట) ఇచ్చే కరెంటు తక్కువ. ఎప్పుడూ వెలిగే హెడ్‌లైటు, ఇగ్నిషన్, ఇంజెక్షన్ బండి అయితే పెట్రోలు పంపు, ఇవన్నీ తమ వాటా తీసుకున్నాక బ్యాటరీకి మిగిలేది చాలా బండ్లలో అంతంత మాత్రం. ఐడిల్‌లో బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర వోల్టేజి చూడండి. 13 దగ్గరే తచ్చాడుతుంటే ఏమీ ఎక్కడం లేదు. 4000 ఆర్‌పీఎంకు లేపితే 13.8 నుంచి 14.5 మధ్యకు రావాలి. అప్పటికీ 13.5 దాటకపోతే చార్జింగ్ సిస్టమ్ బాగు చేయించాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, అది బ్యాటరీని ఉడికించేస్తుంది.

ఇంజిన్‌కు కూడా ఈ పద్ధతి చెడు చేస్తుంది. పది నిమిషాల్లో ఆయిల్ సరిగా వేడెక్కదు. మంట వల్ల పుట్టిన నీటి ఆవిరి బయటికి పోకుండా క్రాంక్‌కేసులో, సైలెన్సర్‌లో నిలిచిపోతుంది. ఆయిల్ తెల్లగా నురగలా మారడం, సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పట్టడం దీనివల్లే. నడిపితే ముప్పావు గంట, గంట నడపండి. అది కూడా బ్యాటరీని నిండుగా నింపదని గుర్తుంచుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ మొదటి 80 శాతం చురుగ్గా తీసుకుంటుంది. చివరి 20 శాతానికి కరెంటు తగ్గిపోతూ నాలుగైదు గంటలు తీసుకుంటుంది. ఎంత బలమైన చార్జింగ్ ఉన్నా ఈ చివరి భాగాన్ని తొందరపెట్టలేం. గంట ప్రయాణం ఇవ్వలేనిది సరిగ్గా ఇదే. కొద్దికొద్దిగా, గంటల తరబడి కరెంటు ఇచ్చే సోలార్ ప్యానెల్‌కు ఇదే అచ్చొచ్చిన పని.

ప్యానెల్ సైజు లెక్కకు వద్దాం. ట్రాకర్‌తో రోజుకు 0.36 ఏహెచ్. కంట్రోలర్ తాను కూడా కరెంటు తింటుందన్న సంగతి చాలామందికి తట్టదు. చవక కంట్రోలర్ల వివరాల్లో 10 మిల్లీ ఆంపియర్ల లోపు అని రాసి ఉంటుంది. పూర్తిగా 10 తింటే రోజుకు 0.24 ఏహెచ్, అంటే మీ ట్రాకర్‌లో మూడింట రెండు వంతులు! ఎప్పుడూ వెలిగే డిస్‌ప్లే, యూఎస్‌బీ సాకెట్లు ఉన్నది కొనకండి. రెండు మూడు ఎల్‌ఈడీలు మాత్రమే ఉండి, తాను వాడుకునే కరెంటు 5 మిల్లీ ఆంపియర్ల లోపు అని రాసినది వెతకండి. చెడు పక్షాన 10 అనే లెక్కిద్దాం. మొత్తం 0.60. బ్యాటరీ తనంతట తాను కోల్పోయేది రోజుకు 0.01 నుంచి 0.02. ఎక్కించిన కరెంటులో కొంత లోపలే వృథా అవుతుంది కనుక ఐదో వంతు కలిపితే రోజుకు సుమారు 0.75 ఏహెచ్ కావాలి.

12 వోల్టుల ప్యానెల్ అని అమ్మేదాని అసలు పనిచేసే వోల్టేజి 17.5 నుంచి 18. అందుకని 10 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో 0.55 ఆంపియరు ఇస్తుంది, 12తో భాగిస్తే వచ్చే 0.83 కాదు. రోజుకు నాలుగు గంటల నికరమైన ఎండ, దుమ్ము, కోణం, వేడి వల్ల పోయే 30 శాతం తీసేస్తే రోజుకు 1.5 ఏహెచ్ వస్తుంది. మీ అవసరానికి రెట్టింపు. వరసగా రెండు రోజులు మబ్బు పట్టినా తర్వాతి రెండు రోజుల్లో పూడ్చుకుంటుంది. 5 వాట్లది తీసుకుంటే వచ్చేదీ పోయేదీ సరికి సరి, ఒక్క మబ్బు రోజు చాలు వెనకబడడానికి. మీ మీటర్ 25, 30 చూపితే, లేదా వారాలకు వారాలు ముసురు పట్టే చోటైతే 20 వాట్లు తీసుకోండి. కంట్రోలర్ ఉంటే 1.1 ఆంపియరు మీ బ్యాటరీకి ఎక్కువేమీ కాదు.

నేరుగా ఎందుకు కలపకూడదంటే, లోడు లేని ప్యానెల్ వోల్టేజి 21, 22 దాకా పోతుంది. బ్యాటరీ నిండాక కూడా అది తోస్తూనే ఉంటుంది. బ్యాటరీ వోల్టేజి 15, 16కు ఎక్కి లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుంది. సీల్డ్ బ్యాటరీలో మళ్లీ నీళ్లు పోసే దారి లేదు. ఎండిపోయి, పొట్ట ఉబ్బి పోతుంది. 1 నుంచి 1.5 వాట్ల బుల్లి ప్యానెళ్లను కంట్రోలర్ లేకుండా కేవలం డయోడుతో కలపడం పాత పద్ధతి. 40, 50 ఏహెచ్ కారు బ్యాటరీకి అది సరే. 9 ఏహెచ్ దానికి, అందులోనూ నెలల తరబడి, మేం ఒప్పుకోం. పైగా అంత చిన్న ప్యానెల్ మీ ట్రాకర్‌కే చాలదు.

మీ సైజుకు పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా ఆపుతూ వదులుతూ అదుపు చేసే సాదా రకం) కంట్రోలర్ సరిపోతుంది. ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ శక్తిని రాబట్టే ఎంపీపీటీ రకం వల్ల 10 వాట్ల దగ్గర కలిసొచ్చేది స్వల్పం, అది తాను తినే కరెంటు తరచూ ఎక్కువ. కొనేటప్పుడు చూడాల్సింది బ్యాటరీ రకం మార్చుకునే వీలు. సీల్డ్ లేదా ఏజీఎం అని పెట్టుకోండి. నిండేదాకా 14.4 దగ్గర, నిండాక 13.5 నుంచి 13.8 మధ్య ఆపాలి. ఫ్లడెడ్ అని ఉన్న సెట్టింగులో చాలా కంట్రోలర్లు అప్పుడప్పుడు 14.8కి, అంతకు పైకి లేపి ఈక్వలైజ్ చేస్తాయి, అంటే లోపలి గడులన్నిటి చార్జినీ సమం చేస్తాయి. నీళ్లు పోసే బ్యాటరీకి అది మేలు, మీదానికి హాని. వేడిని బట్టి వోల్టేజి తగ్గించుకునే గుణం ఉంటే ఇంకా మంచిది. 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.02 వోల్టు తగ్గాలి. 40 డిగ్రీల షెడ్డులో 14.4 బదులు 14.1 చాలు. ఆ గుణం పనిచేయాలంటే కంట్రోలర్ బ్యాటరీ పక్కనే ఉండాలి, ప్యానెల్ వెనక ఎండలో కాదు. లిథియం బ్యాటరీ వేసుకున్న బండికి ఈ సెట్టింగులేవీ పనికిరావు. దానికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అని ప్రత్యేకంగా ఉన్న కంట్రోలర్ కావాలి.

బిగించే వరస తప్పకూడదు. మొదట బ్యాటరీ నుంచి కంట్రోలర్‌కు వైర్లు, ఆ తర్వాతే ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. కంట్రోలర్ బ్యాటరీని బట్టి తన పని వోల్టేజిని నిర్ణయించుకుంటుంది. బ్యాటరీ లేకుండా ప్యానెల్ 22 వోల్టులు తగిలితే తికమకపడుతుంది, కొన్ని కాలిపోతాయి కూడా. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరే వైరుకు టెర్మినల్ దగ్గరే, ఒక జానెడు లోపల, 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు కాపాడేది కంట్రోలర్‌ను కాదు, వైరును. సీటు కింద వైరు నలిగి బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరించగలదు, వైరు మంటై పోతుంది. ప్యానెల్ నుంచి ఐదు మీటర్ల దాకా 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. వైరులో పోయేది 0.13 వోల్టు మాత్రమే.

బండికి ప్యానెల్ తగిలించడానికి, విప్పడానికి వీలుగా సైడ్ ప్యానెల్ దగ్గర రెండు పిన్నుల సాకెట్టు బయటికి తీసి మూత పెట్టండి. బండి వైపు సాకెట్టులో ప్లస్ పిన్ను లోపలికి దాగి ఉండేది కావాలి, బయటికి పొడుచుకు వచ్చేది కాకూడదు. కొన్ని ప్యానెళ్లకు వచ్చే ఇదే రకం సాకెట్టులో ప్లస్ మైనస్ తారుమారుగా ఉంటాయి. కాబట్టి తగిలించే ముందు మీటర్‌తో చూడండి. ఇలా విడదీసేటప్పుడు కూడా పైన చెప్పిన వరస నిలవాలంటే కంట్రోలర్‌ను బండి మీదే, సీటు కింద ఉంచి, ప్యానెల్ వైరును మాత్రం సాకెట్టు ద్వారా తెచ్చుకోవడం మేలు. కంట్రోలర్ ఎప్పుడూ 10 మిల్లీ ఆంపియర్లు తింటుంది కనుక ఎక్కువ రోజులు ప్యానెల్‌కు దూరంగా బండి ఉండాల్సి వస్తే ఆ ఫ్యూజు పీకేయండి. కంట్రోలర్ మీద లోడ్ అని రాసి ఉన్న చోట ఏమీ కలపకండి.

ప్యానెల్ షెడ్డు పైన, నీడ పడని చోట ఉండాలి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లు దక్షిణానికి వాలుగా, దక్షిణాన ఉన్నవాళ్లు ఉత్తరానికి వాలుగా పెట్టాలి. వాలు మీ ఊరి అక్షాంశమంత. అక్షాంశం తక్కువైనా 10, 15 డిగ్రీలైనా వంచండి, లేకపోతే వానకు దుమ్ము కొట్టుకుపోదు. ఒక కొమ్మ నీడ ప్యానెల్‌లో ఒక గడి (సెల్) మీద పడితే ఆ ఒక్క గడి కరెంటే తగ్గదు. గడులన్నీ గొలుసులా ఒకదానికొకటి కలిసి ఉంటాయి కాబట్టి మొత్తం ప్యానెల్ కరెంటు పడిపోతుంది. కిటికీ అద్దం వెనక పెడితే సగం కూడా రాకపోవచ్చు.

పెట్టాక మూడు ఎండ రోజులు ఆగి చూడండి. మిట్టమధ్యాహ్నం బ్యాటరీ టెర్మినల్స్ మీద 13.5 నుంచి 14.4 మధ్య ఉండాలి. సూర్యుడు రాకముందు తెల్లవారుజామున 12.7 తగ్గకూడదు. మధ్యాహ్నం కూడా 12.6 దగ్గరే ఉంటే ప్యానెల్ నుంచి రావడం లేదు. నీడ, వదులు కనెక్షన్, పోయిన ఫ్యూజు వరసగా చూడండి. 15 దాటితే వెంటనే ప్యానెల్ విప్పండి, కంట్రోలర్ మార్చాలి. మధ్యాహ్నం బాగుండి తెల్లవారుజామున 12.4కి పడితే లాగే కరెంటు మీ లెక్కకన్నా ఎక్కువైనా అయి ఉండాలి, బ్యాటరీ చార్జ్ నిలుపుకోలేకపోతూనైనా ఉండాలి.

కారు బ్యాటరీ నుంచి చార్జింగ్ సంగతి. రెండింటి ప్లస్‌లూ మైనస్‌లూ జంపర్ వైర్లతో కలిపితే బండి స్టార్ట్ అవుతుంది, చార్జ్ మాత్రం కాదు. ఆగి ఉన్న కారు బ్యాటరీ 12.6 వోల్టులు ఇస్తుంది. మీ బ్యాటరీ నిండడానికి 14.4 కావాలి. పల్లం నుంచి మెరక మీదికి నీళ్లు పారవు. బండిని స్టార్ట్ చేయడానికే అయితే కారు ఇంజిన్ ఆపి ఉంచండి. ఎర్ర వైరు ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత కారు ప్లస్‌కు. నల్ల వైరు కారు మైనస్‌కు, చివరి కొస బ్యాటరీకి దూరంగా బండి ఇంజిన్ మీద రంగు లేని లోహానికి. చివరి కొస దగ్గరే నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ దగ్గర అది రాకూడదు.

నిజంగా చార్జ్ చేయాలంటే 12 వోల్టులు తీసుకుని 14.4 ఇచ్చే డీసీ టు డీసీ బ్యాటరీ చార్జర్ కావాలి. ఎలక్ట్రానిక్స్ పని తెలిసినవాళ్లు సొంతంగా మాడ్యూల్‌తో చేసుకుంటారు. వాళ్లు తరచూ చేసే పొరపాటు ఉత్త స్టెప్ అప్ (వోల్టేజిని పెంచడం మాత్రమే చేసే) మాడ్యూల్ కొనడం. దిగిపోయిన బ్యాటరీ వోల్టేజి కారు బ్యాటరీ కన్నా తక్కువగా ఉన్నప్పుడు స్టెప్ అప్ మాడ్యూల్ కరెంటును ఆపలేదు. లోపలి కాయిల్, డయోడు గుండా నేరుగా దూసుకుపోతుంది. వోల్టేజిని పెంచడం, తగ్గించడం రెండూ చేయగలిగి, కరెంటు పరిమితి పెట్టుకునే వీలున్న మాడ్యూల్ తీసుకోవాలి. ముందు లోడు లేకుండా మాడ్యూల్ మీది వోల్టేజి స్క్రూను 14.4కి తిప్పండి. తర్వాత 12 వోల్టుల 21 వాట్ల బల్బును, దానితో వరసగా మీటర్‌ను కలిపి, కరెంటు 0.9కి పడేదాకా రెండోదైన కరెంటు స్క్రూ తిప్పండి. అప్పుడు బ్యాటరీకి కలపండి. సగం దిగిన 9 ఏహెచ్ బ్యాటరీని నింపడానికి అటువైపు బ్యాటరీలోంచి దాదాపు 7 ఏహెచ్ పోతుంది. 40 ఏహెచ్ కారు బ్యాటరీకి ఒకసారికి భారం కాదు, వరసగా రెండు మూడు సార్లు చేస్తే కారు మొరాయిస్తుంది.

పవర్ బ్యాంకుతోనూ కుదురుతుంది గానీ అన్నింటితో కాదు. యూఎస్‌బీ పీడీ (కలిపిన పరికరం అడిగిన వోల్టేజి ఇచ్చే యూఎస్‌బీ పద్ధతి) ద్వారా 20 వోల్టులు ఇవ్వగలిగేది ఉండాలి, దాన్ని అడిగి తెచ్చే చిన్న ట్రిగ్గర్ బోర్డు, ఆ తర్వాత పైన చెప్పిన మాడ్యూల్. 20000 మిల్లీ ఆంపియర్ అవర్లు అని రాసి ఉన్నది 3.7 వోల్టుల లెక్క, అంటే 74 వాట్ అవర్లు. నష్టాలు పోగా 60 దాకా దక్కుతాయి, మీ బ్యాటరీకి 4 ఏహెచ్ చేరుతుంది. అది అత్యవసరానికి మంచి సాయం, నెలనెలా నమ్ముకునేది కాదు. పవర్ బ్యాంకు అయిపోయి ఆగినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి మాడ్యూల్‌లోకి పారకుండా మధ్యలో 3 ఆంపియర్ల షాట్కీ డయోడు (తక్కువ వోల్టేజిని మాత్రమే పోగొట్టే రకం డయోడు) పెట్టండి. జంప్ స్టార్టర్ అని అమ్మేవి మాత్రం సెల్ఫ్ కొట్టేందుకే, చార్జ్ చేసేందుకు కాదు.

ప్యానెల్ బిగించే ముందు ఇప్పుడున్న బ్యాటరీకి పరీక్ష పెట్టాలి. కరెంటున్న చోట 0.9 ఆంపియరు చార్జర్‌తో నిండా చార్జ్ చేసి, వైర్లు తగిలించకుండా 12 గంటలు పక్కన పెట్టండి. 12.7 పైన నిలిస్తే ఆరోగ్యంగా ఉంది. 12.5కి, అంతకన్నా కిందికి జారితే ప్లేట్లలో సల్ఫేట్ గట్టిపడింది. నిండా చార్జ్ చేశాక కూడా 10.5 దగ్గర ఆగితే ఆరు గడుల్లో ఒక గడి చచ్చిపోయింది. బండిలో బిగించి సెల్ఫ్ కొడుతూ మరొకరిని మీటర్ చూడమనండి. ఇంజిన్ తిరిగేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే దానికి బలం లేదు. ఈ పరీక్షల్లో ఏది తప్పినా ఆ బ్యాటరీకి ప్యానెల్ పెట్టి ప్రయోజనం లేదు. గట్టిపడిన సల్ఫేట్‌ను సోలార్ కరిగించలేదు, పైగా చచ్చిన గడి ఉన్న బ్యాటరీ 14.4కి ఎప్పటికీ చేరదు కాబట్టి కంట్రోలర్ మిగిలిన అయిదు గడులనూ రోజంతా ఉడికిస్తూనే ఉంటుంది. కొత్త బ్యాటరీ వేసుకునేటట్టయితే ప్యానెల్, కంట్రోలర్, ఫ్యూజు అన్నీ సిద్ధం చేసుకున్నాకే తీసుకోండి. అదే రోజు బిగిస్తే తొలి రెండు వారాల నుంచే అది నిండుగా ఉంటుంది.